చేయి తెలిసినవాళ్లు

జూన్ 3, మంగళవారం

అరుణ బతికింది. ముందు ఇది రాయాలి. తక్కినవన్నీ తరువాత.

ఉదయం బాల్కనీలో బట్టలు ఆరవేస్తుండగా తేనెటీగ కుట్టింది. ఒక్కటే, మెడ మీద. పై అంతస్తు చూరు కింద పట్టు పెట్టి నెలలవుతోంది. అపార్ట్‌మెంట్ సంఘం వారికి నేను ఎన్నిసార్లు చెప్పినా "చూద్దాం మేడమ్" అనడం తప్ప చూసినవారు లేరు. "ఇగో, మీ సంఘం పెద్దమనుషులు నాకు సన్మానం చేసిన్రు" అని నవ్వుతూనే లోపలికి వచ్చింది. ముల్లు నేనే గోటితో గీకి తీశాను. సున్నం రాస్తానంటే, "నాకేమన్న తాంబూలం వేస్తున్నవా?" అంది.

ఆ నవ్వు పూర్తికాకముందే అరచేతులు దురద పెడుతున్నాయంది. ఒళ్లంతా దద్దుర్లు తేలాయి. పెదవులు ఉబ్బాయి. గోడ పట్టుకుని నేల మీద కూలబడి, "ఇంద్రాణీ, నాకేదో అయితుందే" అంది. కాలేజీలో చివరి బెంచీ దాకా మైకు లేకుండా చరిత్ర పాఠం వినిపించిన గొంతు, పక్కనే ఉన్న నాకు సరిగ్గా వినిపించలేదు.

కింద హాస్టల్లో ఉండే అమ్మాయిలు ఆటో పిలిచి, చెరోవైపు పట్టుకుని ఎక్కించారు. చైతన్యపురి నుంచి ఎల్బీనగర్ దారిలో ఉన్న ఆసుపత్రికి తీసుకుపోయాను. అత్యవసర విభాగంలో ఉన్న డాక్టరు ఉదయలక్ష్మి ఒక్క చూపు చూసి "అడ్రినలిన్" అంది. తొడకు సూది. చీర కూడా తొలగించలేదు, చీర మీదుగానే. నేను అరుణ మణికట్టు పట్టుకుని నిలుచున్నాను. చిక్కకుండా పోయిన నాడి కాసేపటికి మళ్లీ నా వేళ్లకు తగిలింది.

బతుకంతా రసాయనశాస్త్రం చెప్పాను. అడ్రినలిన్ నిర్మాణాన్ని నల్లబల్ల మీద ఎన్ని తరగతులకు గీసి ఉంటానో. అది ఒక మనిషిలోకి వెళ్లి, ఆ మనిషిని తిరిగి ఇవ్వడం ఈ రోజే చూశాను.

జూన్ 4, బుధవారం

ఇంటికి పంపించారు. పంపే ముందు ఉదయలక్ష్మి మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. మళ్లీ కుడితే ఇంతకంటే తీవ్రంగా రావచ్చు. ఇతర దేశాల్లో దీనికి పెన్ను వంటి సాధనం ఉంటుంది, ఇక్కడ దొరకడం కష్టం. అందుకని మందున్న చిన్న గాజుసీసా, సిరంజి ఇస్తున్నానంది. సీసా మెడ విరవడం, గుర్తు పెట్టిన గీత దాకా మందు తీయడం, తొడ పక్కభాగంలో గుచ్చడం చూపించింది.

"ముందు సూది. తరువాత ఫోను. తరువాత ఆటో. ఈ వరస మార్చకండి."

"ఇది నర్సులు చేయవలసిన పని కాదా?" అని అడిగాను.

"ఎవరైనా ఇవ్వచ్చు మేడమ్. సిరలోకి ఇవ్వడం మా పని, దాని జోలికి మీరు పోకండి. తొడకైతే భయం లేదు. గుండె కొంత దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, అంతే. తొడకి ఇచ్చినందువల్ల పోయినవాళ్లను నేను చూడలేదు. ఇద్దామా వద్దా అని ఆగినందువల్ల పోయినవాళ్లను చూశాను."

అరుణ మంచం మీద నుంచి అందుకుంది: "ఈమె ఆగుతదా డాక్టరమ్మా? కూరల ఉప్పెయ్యనీకి నన్నడగది, సూది వొడవనీకి అడుగుతదా?"

డాక్టరు నవ్వింది. నేను నవ్వలేదు. వరస మనసులో చెప్పుకుంటున్నాను.

జూన్ 7, శనివారం

కొత్తపేట పండ్ల మార్కెట్టు తరలిపోయాక మంచి బత్తాయి దొరకడం గగనమైంది. తోపుడుబండి వాడి దగ్గర ఎంచి తెచ్చాను. సిరంజిలో నీళ్లు నింపి బత్తాయికి గుచ్చి సాధన చేశాను. చేతులు వణకలేదు. ఈ వయసులో వణకని చేతులు ఎందరికి ఉంటాయి?

నువ్వు కూడా నేర్చుకో అన్నాను అరుణతో. సూదిని చూస్తేనే కళ్లు మూసుకుంటుంది. "నాకెందుకే, నువ్వున్నవ్ గద" అంది.

నిజమే. నేనున్నాను.

జూన్ 8, ఆదివారం

మీర్‌పేట్ నుంచి అరుణ తమ్ముడు కమలాకర్ వచ్చాడు, బుట్టెడు మామిడిపండ్లతో. తాతలనాటి పొలాల్లో చాలావరకు ప్లాట్లు చేసి అమ్మి, మూడంతస్తుల ఇల్లు కట్టి, కారు హారను మోగిస్తూ మా వీధిలోకి వచ్చే మనిషి. గుమ్మం మీద మా ఇద్దరి పేర్లు చెక్కించిన పలకను వచ్చిన ప్రతిసారీ కొత్తగా చదువుతాడు.

కూర్చోకముందే మొదలుపెట్టాడు. "అక్కా, ఇగ చాలు. సామాన్లు సదురు. కింద రూము ఖాళీ చేయించిన, ఏసీ పెట్టిచ్చిన. మెట్లెక్కే పనే లేదు."

"ఏందిరా, నన్ను కిరాయికి పెట్టుకుంటవా?"

"మనింట్ల మనకు కిరాయేంది! మేడమ్‌కు గూడ ఎంత పరేషాన్! ఇద్దరు ముసలోళ్లు ఒక్కతాన ఉంటే ఎవల్ని ఎవలు సూస్కుంటరు?"

ముసలోళ్లు. నా ఇంట్లో, నా సోఫాలో కూర్చుని.

ఆసుపత్రిలో జరిగినది వివరించాను. మందు నా దగ్గర ఉన్నదనీ, ఇవ్వడం నాకు వచ్చుననీ చెప్పాను. ఆయన ముందుకు జరిగాడు. "నాకు గూడ చూపియ్యుండ్రి మేడమ్. నేనిస్త. మా బర్లకు సూదులిచ్చిన చేతులే ఇవి."

అది ఆయన నేర్చుకున్న మరుక్షణం అరుణ ఇక్కడ ఉండడానికి కారణమేదీ మిగలదు. ఆ లెక్క నాకు అప్పుడే తెలిసిందని రాయడం సరికాదు. మాట మాత్రం దానంతట అదే వచ్చింది.

"మనిషి బర్రె కాదు కమలాకర్ గారూ. ఇది అడ్రినలిన్. కొలత వెంట్రుకవాసి తప్పినా, చోటు కొంచెం తప్పినా, గుండె అక్కడికక్కడే ఆగిపోతుంది. చేయి తెలిసినవాళ్లే ఇవ్వాలి. తెలియనివాళ్లు ముట్టుకోకపోవడమే మేలు."

ఆయన తన రెండు చేతుల వంకా చూసుకుని ఒళ్లోకి తీసుకున్నాడు. "అమ్మో. గట్లనా" అన్నాడు. టీ తాగి, "మీరున్నరు గాబట్టి ధైర్యం మేడమ్. జర జాగ్రత్త, మా అక్క" అని రెండు చేతులూ జోడించి వెళ్లాడు.

తలుపు వేయగానే అరుణ వంటింట్లోకి వచ్చి పడీపడీ నవ్వింది. "ఏందే, నా తమ్మున్ని గంతగనం బెదిరించినవ్? డాక్టరమ్మ ఎవలైన ఇయ్యొచ్చన్నది గద!"

"వెళ్తావా అయితే, ఏసీ గదికి?"

"నేను పోతే నీతోని చాయ్‌ల చక్కెర గురించి ఎవలు కొట్లాడ్తరు? మంచిగ భయపెట్టినవ్. గట్లనే భయపడనీ. నేనేడికి పోను."

రెండు మామిడిపండ్లు కోసుకుని తిన్నాము. తీయగా ఉన్నాయి. ఆయన తెచ్చినవే అయినా.

జూన్ 9, సోమవారం

నేను అన్నది అబద్ధం కాదు. సిరలోకి ఇస్తే ప్రమాదమే. డాక్టరు కూడా ఆ మాటే అంది.

జూన్ 19, గురువారం

మందు రంగు చూశాను. గాలి, వెలుతురు తగిలి చెడితే గులాబీ రంగు తిరుగుతుంది. నిర్మలంగా ఉంది.

కమలాకర్ రోజూ సాయంత్రం ఫోను చేస్తాడు. "అక్క మంచిగున్నదా? మందు మీ తాననే ఉన్నదా?" పూర్వం నన్ను ముక్తసరిగా పలకరించి ఫోను అరుణకు ఇమ్మనేవాడు, ఇప్పుడు నాతోనే మాట్లాడి పెట్టేస్తున్నాడు. ఏసీ గది ప్రస్తావన లేదు.

ఇది కేవలం వైద్యానికి సంబంధించిన ఏర్పాటు. అంతకుమించి నాకు ఇందులో ఏ ప్రయోజనమూ లేదు.

జూన్ 28, శనివారం

తేనెపట్టు తీయించారు. అరుణ బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను వద్దన్నాను. ఆమె విననట్టు కూర్చుంది. నేను కూడా కుర్చీ తెచ్చుకున్నాను.

జూలై 13, ఆదివారం

వచ్చే ఆదివారం మీర్‌పేట్‌లో బోనాలు. కమలాకర్ భార్య కృష్ణమ్మ ఫోను చేసింది. ఇంటి ఆడబిడ్డ రాకపోతే బోనం ఎట్ల ఎత్తుతం వదినా అని చాలాసేపు బతిమాలింది. చివర్న ఫోను నాకు ఇమ్మని, "మీరు గూడ రండి మేడమ్" అంది. గేటు దగ్గర ఎదురైన వాళ్లతో అనే మాట అది. ఇంటికి వచ్చి, బొట్టు పెట్టి పిలిస్తే పిలుపు.

"ఫోన్ల బొట్టెట్ల పెడ్తదే? వాట్సాప్‌ల పంపాల్నా?" అని అరుణ వెక్కిరించింది.

వెక్కిరించనీ. పిలవని పేరంటానికి నేను వెళ్లను. డెబ్బయి దాటాక కొత్తగా ఆ అలవాటు చేసుకోలేను.

జూలై 19, శనివారం

అరుణ రేపు పొద్దున్నే వెళ్తుంది, సాయంత్రానికి వస్తుంది. ఆకుపచ్చ పట్టుచీర ఇస్త్రీ చేయించింది. మందు పెట్టెను నా చేతులతో ఆమె సంచిలో పెట్టాను.

"నువ్వు రాకుండ సూదొస్తే ఏం లాభమే? నా తమ్ముడైతే దాన్ని ముట్టుకోడు, నువ్వు చేసిన పనికి" అంది. నవ్వుతూనే అంది. "రా. నా కోసం రా. నేను వెడ్తా నీకు బొట్టు."

రానన్నాను.

కమలాకర్‌కు ఫోను చేసి ఉన్న విషయం చెప్పాలని అనుకున్నాను. నంబరు కూడా తీశాను. చెబితే, అయితే నేర్పండి అంటాడు. ఆదివారం గడిచాక, నిదానంగా, తగిన మాటల్లో చెబుతాను. ఒక్క పూటకు ఏమవుతుంది?

జూలై 20, ఆదివారం

అరుణ చనిపోయింది.

జూలై 21, సోమవారం

జూలై 23, బుధవారం

జరిగినది జరిగినట్టు రాస్తాను.

గుడి ముందున్న వేపచెట్టుకు పట్టు ఉన్నదట. సాంబ్రాణి పొగ, డప్పులు. తేనెటీగలు లేచాయి. చాలామందిని కుట్టాయి. తక్కినవాళ్లు ఉల్లిపాయ రుద్దుకుని నిలబడ్డారు. అరుణ పడిపోయింది.

నాకు ఫోను వచ్చేసరికి భోజనం చేసి చేయి కడుక్కుంటున్నాను. కమలాకర్. వెనుక డప్పులు, పూనకంలో ఊగే శివసత్తుల కేకలు. "మేడమ్, అక్కకు ఊపిరాడ్తలేదు. పెట్టె నా చేతిలున్నది. ఏం చెయ్యాలె?"

"ఇవ్వండి. తొడకి. వెంటనే."

"నేనా? నాకు చెయ్యి తెల్వది మేడమ్. మీరే అన్నరు గద, గుండె ఆగుతదని. కార్ల ఏసుకుని దవాఖానకు ఉరుకుతున్నం. ఆడ ఇస్తరు."

"దవాఖాన దాకా ఆగకూడదు. సీసా మెడ విరిచి, గీత దాకా..."

"మేడమ్, నా అక్క మేడమ్. నేనెట్ల ఇస్త? నా చేతుల పోతే ఎట్ల?"

"పోదు. ఇవ్వండి."

"మీరు రాండ్రి మేడమ్, మీరు రాండ్రి."

నేను ఇవ్వమన్నాను. మళ్లీ మళ్లీ ఇవ్వమన్నాను. ఊరేగింపులో కారు కదలలేదు. కృష్ణమ్మ "ఇయ్యుండ్రి, ఆమె ఇయ్యమంటున్నది గద, ఇయ్యుండ్రి" అని అరవడం వినిపించింది. కమలాకర్ ఏడవడం వినిపించింది. ఎంతకోగాని గాజు విరిగిన చప్పుడు వినిపించలేదు. ఆ తరువాత ఆయన "ఇచ్చిన" అన్నాడు. ఆ వెనుక కృష్ణమ్మ వదినా, వదినా అని పిలుస్తూనే ఉంది. అరుణ గొంతు ఒక్కసారి కూడా వినిపించలేదు.

ఎల్బీనగర్ ఆసుపత్రికి నేను ఆటోలో వెళ్లేసరికి ఉదయలక్ష్మి ఆమె ఛాతీ మీద చేతులు వేసి నొక్కుతోంది. మళ్లీ అడ్రినలిన్, మళ్లీ నొక్కడం. నేను మణికట్టు పట్టుకోబోతే నర్సు పక్కకు జరగమంది. చాలాసేపు చేశారు. ఆకుపచ్చ పట్టుచీరను మధ్యకు కత్తిరించారు.

కమలాకర్ ఆలస్యం చేశాడు.

జూలై 25, శుక్రవారం

నేను ఫోనులో స్పష్టంగా చెప్పాను. తొడకి అని చెప్పాను. వెంటనే అని చెప్పాను. ఇంతకంటే స్పష్టంగా ఏ మనిషీ చెప్పలేడు. వాడు ఆలస్యం చేశాడు.

జూలై 26, శనివారం

టీలో చక్కెర ఎంత వేసుకున్నానో తెలియలేదు. పారబోశాను.

జూలై 30, బుధవారం

పదకొండో రోజు. మీర్‌పేట్ వెళ్లాను. ఈసారి కూడా ఎవరూ బొట్టు పెట్టి పిలవలేదు. చావుకు పిలుపులుండవు.

షామియానా కింద ఆడవాళ్లలో కూర్చున్నాను. వెనుక ఎవరో "ఈమె ఎవలు?" అని అడిగారు. "అరుణక్కతోని ఉంటుండె" అని ఎవరో చెప్పారు. ముప్పై ఏళ్లకు పైగా ఒకే కప్పు కింద గడిపిన బతుకుకు ఈ ఊరిలో ఉన్న పేరు అది. ఎదురుగా అరుణ ఫోటో. ఉద్యోగ విరమణ నాటి సన్మానసభలోది. అందులో పక్కన నేను ఉండాలి. నన్ను కత్తిరించి దండ వేశారు. వాళ్ల తప్పు కాదు. ఫోటోకు ఒక్క మనిషే కావాలి.

కమలాకర్ నా వంక చూడలేదు. గడ్డం పెరిగింది. కుడిచేతిని తువ్వాలులో చుట్టుకుని, ఎడమచేత్తో చెంచా పట్టుకుని ఏదో కతికాడు. చేసిన ఆలస్యానికి సిగ్గుపడుతున్నాడని అనుకున్నాను. సిగ్గుపడవలసిందే అనుకున్నాను. తృప్తిగా అనిపించిందని రాయాలి, ఈ పుస్తకంలోనైనా.

ఆగస్టు 1, శుక్రవారం

కృష్ణమ్మ వచ్చింది. ఒంటరిగా, ఆటోలో. నా ఇంటికి ఆమె రావడం ఇదే మొదటిసారి. గుమ్మం మీది పలక ముందు కాసేపు నిలబడి, చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. కుర్చీ చూపిస్తే నేల మీదే కూర్చుంది.

"మేడమ్, మా ఆయనకు మీరొక మాట జెప్పాలె. మీరు జెప్తేనే ఇంటడు."

"ఏ మాట?"

"అక్కను నేనే సంపిన అంటున్నడు. సూది తప్పిచ్చిన, గుండె ఆగింది అంటున్నడు. ఆ చేత్తోని అన్నం ముడ్తలేడు. మనుమరాలిని ఎత్తుకుంట లేడు. పొద్దుగాల లేస్తే గా చెయ్యి సూస్కుంట కూసుంటడు. నిన్న చేన్ల గొట్టే పురుగులమందుడబ్బా దగ్గర నిలబడ్డడు మేడమ్. నేను సూసి గుంజుకొచ్చిన."

ఇన్నాళ్లూ ఆయన ఆలస్యాన్ని నేను తూచుతూ కూర్చున్నాను. ఆయన ఆలస్యం గురించి ఆలోచించనే లేదు. ఆలస్యం చేసినందుకు కాదు, ఇచ్చినందుకు కుమిలిపోతున్నాడు.

"ఆయన ఇచ్చినది సరైనదే అని చెప్పండి" అన్నాను. "కొలత సరైనదే. చోటు సరైనదే."

"నేను జెప్తే ఏం లాభం? నాకేం ఎర్క? చదువుకున్నామె, డాక్టర్ల తీర్గ ఎర్కున్నామె జెప్పింది నాకు, చెయ్యి తెల్వనోడు ముడితే సస్తరని అంటడు." మంచినీళ్లు ఇచ్చాను. తాగకుండా గ్లాసు నేల మీద పెట్టింది. "మీరు మంచికే జెప్పి ఉంటరు. గాయన మీ మాటను దేవుని మాట లెక్క వట్టుకున్నడు."

ఆగస్టు 2, శనివారం

ఎల్బీనగర్ వెళ్లి ఉదయలక్ష్మిని కలిశాను. ఆమె చెబితే సరిపోతుంది కదా. నేనే చెప్పవలసిన అవసరం ఏముంది?

"ఆయన ఇచ్చిన సూది వల్ల ఆవిడ పోలేదు మేడమ్. కచ్చితంగా చెప్పగలను. అది ఇంకా ముందు పడి ఉంటే బాగుండేది."

"ముందు పడి ఉంటే బతికేదా?"

"చాలామంది బతుకుతారు. ఆవిడ బతికేదని రాసివ్వలేను." కలం పక్కన పెట్టి నా వంక చూసింది. "ఆయన ఎందుకు ఆగారు? ఎవరైనా ఇవ్వచ్చని ఆ రోజు నేను మీకు చెప్పాను. మీరు వాళ్లకు చెప్పలేదా?"

"చెప్పడం కుదరలేదు" అన్నాను.

నా ముందే కమలాకర్‌కు ఫోను చేసింది. ఓపికగా, వివరంగా చెప్పింది. అటునుంచి ఆయన మాటలు నాకు కూడా వినిపించాయి. "మీరు నా పానం కోసం గట్ల అంటున్నరు డాక్టరమ్మా. మంచోళ్లు మీరు. నాకు మేడమ్ ముందే జెప్పిన్రు, నేనే ఇనలే." ఫోను పెట్టేశాడు.

ఆగస్టు 3, ఆదివారం

ఆయన నన్ను ఎప్పుడూ ఇష్టపడలేదు. నేను కూడా. పెద్ద గొంతు, పెద్ద కారు. నేను చెబితే ఊరంతా చెబుతాడు. కాలేజీలో నా దగ్గర చదువుకున్న పిల్లలు ఎందరో మీర్‌పేట్‌లో ఉన్నారు. ఇంద్రాణి మేడమ్ అబద్ధం చెప్పిందట, స్నేహితురాలిని పంపడం ఇష్టం లేక.

దుఃఖానికి కాలమే మందు. కొన్ని నెలలు గడిస్తే ఆయనే సర్దుకుంటాడు.

సాయంత్రం

చేన్ల మందుడబ్బా.

ఆగస్టు 5, మంగళవారం

ఈ రోజు మీర్‌పేట్ వెళ్లివచ్చాను.

కమలాకర్ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. అంత దుఃఖంలోనూ లేచాడు. కుడిచేయి తువ్వాలులోనే ఉంది. కృష్ణమ్మ తలుపు దగ్గర నిలబడింది. మనవరాలిని లోపలికి పంపించమన్నాను.

దారి పొడుగునా వాక్యాలు అమర్చుకున్నాను. ఔషధం, మోతాదు, కండరం, సిర. ఒక్కటీ నోటికి రాలేదు.

"కమలాకర్ గారూ, ఆ రోజు మా ఇంట్లో మీతో చెప్పింది అబద్ధం."

"ఏది మేడమ్?"

"చేయి తెలియనివాళ్లు ఇస్తే గుండె ఆగుతుందన్నది. తొడకి ఎవరిచ్చినా ఆగదు. డాక్టరు నాకు ముందే చెప్పింది, ఎవరైనా ఇవ్వచ్చని. అది తెలిసే మీతో అలా అన్నాను."

ఆయనకు అర్థం కాలేదు. "నా మనసు కుదుటపడాలని అంటున్నరు మీరు గూడ. డాక్టరమ్మ లెక్కనే."

"నేను మనుషుల మనసు కుదుటపరచే మనిషినేనా? ఇన్నేళ్లలో ఎప్పుడైనా చూశారా?"

ఆ మాటను నమ్మాడు.

"మరెందుకు జెప్పిన్రు గట్ల?"

"నేర్చుకుంటే ఆమెను తీసుకుపోతారని."

తలుపు దగ్గర కృష్ణమ్మ "ఓ అవ్వా" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను. కూర్చోమని ఎవరూ అనలేదు, అనవలసిన అవసరమూ లేదు.

"నేను సూదిచ్చిన. గా సూదితోని పోలేదు అక్క."

"పోలేదు. ఆ రోజు ఆమెకు జరిగిన మేలు మీరిచ్చిన సూది ఒక్కటే."

"పడ్డప్పుడే ఇస్తే?"

"బతికే అవకాశం ఎక్కువ."

"మీరు నేర్పితే ఇస్తుంటి. బర్లకిచ్చినట్టు ఇస్తుంటి. ఒక్క నిమిషం గూడ ఆగకపోతుంటి." ఆయన గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే నాకు తేలికగా ఉండేది. "నా చేతుల పెట్టె వెట్టుకుని కూసున్న మేడమ్. అక్క నా దిక్కే సూస్తుంది. మాట వస్తలేదు, సూస్తుంది."

ఆయన తువ్వాలు విప్పి కుడిచేతిని మోకాలి మీద పెట్టుకున్నాడు. తరువాత నేను ఊహించని ప్రశ్న అడిగాడు.

"అక్కకు ఎర్కనా? మీరు నాకు అబద్ధం జెప్పిన్రని, అక్కకు ఎర్కనా?"

ఎరుకే. వంటింట్లో పడీపడీ నవ్వింది. మంచిగ భయపెట్టినవ్ అంది. నేనేడికి పోను అంది. తమ్ముడి ఇల్లు, ఏసీ గది, ఆడబిడ్డ మర్యాద అన్నీ కాదనుకుని నా దగ్గర ఉంటానంది. నా బతుకులో నన్ను ఒకరు కావాలనుకున్నారనడానికి ఉన్న మాట అది. ఆ మాట విన్నది నేను ఒక్కదాన్నే. అది చెబితే పాపంలో సగం ఆమెకు పోతుంది, ఆమె నాదని ఈ ఇంటివాళ్లకు తెలుస్తుంది. కారులో అరుణ తన వంకే చూసిన ఆ చూపు మాత్రం, సూదికి భయం లేదని తెలిసీ చెప్పలేకపోయిన చూపుగా, ఆయనకు ఇక జన్మంతా మరోలా కనిపిస్తుంది.

"తెలియదు" అన్నాను.

"ఎర్కుంటే తిడుతుండె మిమ్మల్ని. మీ ఇంట్ల ఒక్క పూట గూడ ఉండకపోతుండె."

"ఉండేది కాదు" అన్నాను.

ఆయన తల ఊపాడు. చాలా రోజుల తరువాత ఏదో ఒకటి తనకు దక్కినట్టు తల ఊపాడు. లేచి పెరట్లో పంపు దగ్గరకు వెళ్లి, రెండు చేతులూ మోచేతుల దాకా కడుక్కుని లోపలికి పోతూ, "అన్నం వెట్టు" అన్నాడు భార్యతో.

లోపల కంచం పెట్టిన చప్పుడైంది. మధ్యాహ్నం భోజనాల వేళ. వరండాలో నిలబడ్డ నన్ను తినమని ఎవరూ అనలేదు.